అడవి వాగులో నత్రజని కొలవబోయే ముందు

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో వాగు నీటి నత్రజనిపై పరిశోధన మొదలుపెడుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. నీటి పరీక్షలతోనే ఉద్యోగం గడిపినవాణ్ణి కనుక, ముఖ్యమనిపించిన సంగతులు రాస్తున్నాను.

ముందు ఆ చోటు చరిత్ర చదువు. 1965 చలికాలంలో అక్కడి రెండో వాటర్‌షెడ్‌లో, అంటే పడిన వాననీరంతా ఒకే వాగులోకి చేరే ప్రాంతంలో, చెట్లన్నీ నరికి, కలపను అక్కడే వదిలేసి, తరువాత మూడు వేసవులు కలుపుమందు కొట్టి మొక్క మొలవనీయలేదు. గుప్పెడు ఎరువైనా వేయని ఆ వాగులో నైట్రేట్ తాగునీటి పరిమితిని దాటింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆకుచెత్తను కుళ్ళబెట్టి, అందులోని నత్రజనిని అమ్మోనియంగానూ, ఆపైన నైట్రేట్‌గానూ మారుస్తూనే ఉన్నాయి. దాన్ని పీల్చుకునే వేళ్ళు మాత్రం లేకుండా పోయాయి. నైట్రేట్ మట్టిని అంటిపెట్టుకొని ఉండదు, నీటితో దిగిపోతూ కాల్షియాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. కాబట్టి వాగులో నైట్రేట్ పెరిగినప్పుడు, వానలో కలిసి వచ్చే వాహనాల, విద్యుత్ కేంద్రాల కాలుష్యంతో పాటు ఎగువన చెట్ల పరిస్థితిని కూడా తప్పక చూడు.

వారానికొక నమూనా అవసరమే గాని అదొక్కటే చాలదు. మంచు కరిగే వసంతంలో చెట్లు ఇంకా చిగురించకముందే నైట్రేట్ ఒక్కసారిగా వాగులోకి వస్తుంది. ఆ రోజుల్లోనూ, భారీ వానల్లోనూ కొన్ని గంటలకొకసారి నీళ్ళు పట్టాలి. పట్టిన ప్రతిసారీ ప్రవాహం కూడా రాసుకో. గాఢతను ప్రవాహంతో గుణిస్తే తప్ప అడవి ఎంత నత్రజని పోగొట్టుకుందో తేలదు.

సీసాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలమ్మా. లోహాలు పరీక్షించే ల్యాబుల్లో సీసాలను నైట్రిక్ ఆమ్లంతో కడుగుతారు. అలాంటి సీసాను నీ పనికి వాడనే వద్దు, దాని గోడలకు మిగిలిన జాడ చాలు, వాగులో లేని నైట్రేట్ నీ లెక్కలోకి వచ్చేస్తుంది. వాగు దిగువన నిలబడి, ఎగువకు ముఖం పెట్టి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి నింపు. స్వేదనజలం నింపిన సీసా ఒకటి వాగుదాకా తీసుకెళ్ళి తెచ్చి, మిగతావాటితో కలిపి పరీక్షించు. నమూనాలను ఐసులో ఉంచి, ఆ రోజే వడకట్టు.

చివరగా, మన దేశంలో తాగునీటి పరిమితిని లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ అని రాస్తారు. అమెరికాలో 10 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని అంటారు, అంటే నైట్రేట్‌లోని నత్రజని బరువును మాత్రమే లెక్కిస్తారు. అంకెలు వేరైనా రెండూ దాదాపు ఒకే పరిమితి గనుక, పట్టికలో ప్రతి అంకె పక్కనా అది ఏ లెక్కో రాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న