సోడా పోసినంత మాత్రాన మెత్తబడదు: పుల్డ్ పోర్క్ వండబోతున్న అమ్మాయికి బాబాయి ఉత్తరం

కేరీ, నార్త్ కరోలినా

చిరంజీవి అమ్మాయికి బాబాయి దీవించి వ్రాయునది.

తలా ఒక వంటకం తెచ్చుకునే ఆఫీసు పాట్‌లక్ విందుకు పుల్డ్ పోర్క్, అంటే మెత్తగా ఉడికించి పోగులుగా లాగిన పంది మాంసం, తెస్తానని నలుగురిలో మాట ఇచ్చేశావనీ, పన్నెండు మందికి సరిపడేలా, సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు స్లో కుక్కర్‌లో ఎలా వండాలో చెప్పమనీ నువ్వు పంపిన సందేశం చూశాను. ఫోనులో చెబితే సగం నువ్వు మరచిపోతావు, మిగిలిన సగం చెప్పడం నేను మరచిపోతాను కనుక, నిదానంగా కూర్చుని రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెబుతాను. ఈ వంటకం గురించి ఇక్కడ ఎవరిని అడిగినా, ఒక డబ్బా సోడా పోసి వదిలేస్తే మాంసం దూదిలా విడిపోతుందని అంటారు. పోయడమూ నిజమే, విడిపోవడమూ నిజమే. కానీ పోసినందువల్ల విడిపోదు. సోడా ఇచ్చేది తీపి, రంగు, కాస్త పులుపు మాత్రమే. మెత్తదనం మనం ఎంచుకున్న ముక్కను బట్టి, దానికి ఇచ్చిన సమయాన్ని బట్టి వస్తుంది. ఈ తేడా తెలియని రోజుల్లో నేను కొవ్వు తక్కువగా ఉంటుంది కదా అని నడుము భాగాన్ని, అంటే దుకాణాల్లో పోర్క్ లాయిన్ అని అమ్మేదాన్ని కొని, దాని మీద రెండు డబ్బాల సోడా పోసి తొమ్మిది గంటలు ఉడికించాను. మూత తీసి చూస్తే తియ్యటి నీళ్లలో కొబ్బరిపీచు నానబెట్టినట్టుగా ఉంది. మీ పిన్ని పంది మాంసం ఇంట్లోకి రానివ్వదు కాబట్టి నేను గరాజ్‌లో బల్ల వేసుకుని వండుకుంటాను. ఆ రోజు ఆ నియమం నా పరువు కాపాడింది.

సోడా అనే మాట గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. ఈ దేశంలో సోడా అంటే మన గోలీసోడా కాదు, వంటసోడా అంతకన్నా కాదు. కోలా, రూట్ బియర్ వంటి తియ్యటి కూల్‌డ్రింకులన్నిటికీ కలిపి వాడే పేరు అది. నవ్వకు. తెలిసినవారొకరు వంటసోడా అనుకుని ఒక గరిటెడు వేసి, సబ్బు వాసన కొట్టే మాంసాన్ని పారబోసుకున్న ఉదంతం నేను స్వయంగా చూసినదే.

ఇక కొనవలసిన ముక్క సంగతి. పంది ముందుకాలి పైభాగాన్ని, అంటే భుజాన్ని, ఇక్కడ బోస్టన్ బట్ అని అమ్ముతారు. పేరు విని వెనుక భాగమని పొరబడకు, అది ముమ్మాటికీ భుజమే. దాని కిందుగా కాలి వైపు ఉండేదాన్ని పిక్నిక్ షోల్డర్ అంటారు. దానికి తోలు, ఎముక ఎక్కువ, కనుక మొదటిది దొరకనప్పుడే దాని జోలికి వెళ్లు. ఎముకతో ఉన్న 5 పౌండ్ల ముక్క, అంటే రెండుంబావు కిలోల పైచిలుకు, తీసుకో. కొవ్వు కరిగి, నీరు దిగి, ఎముక పోయాక చేతికి సుమారు 3 పౌండ్లు మిగులుతుంది. బన్నుకు 4 ఔన్సుల చొప్పున లెక్కేస్తే నీ పన్నెండు మందికీ సరిగ్గా సరిపోతుంది. పొట్లం మీద చిన్న అక్షరాలు తప్పకుండా చదువు. ఉప్పునీటి ద్రావణం ఎక్కించిన మాంసమని అక్కడ రాసి ఉంటే, నేను కింద చెప్పబోయే ఉప్పును సగానికి తగ్గించు. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా కుక్కర్‌లో వేయకూడదు. 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యనే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, గడ్డకట్టిన ముక్క ఆ మధ్యలో గంటల తరబడి ఉండిపోతుంది. కాబట్టి ఒక పగలూ ఒక రాత్రీ ముందుగానే దాన్ని ఫ్రిజ్ కింది అరలోకి దించుకో.

భుజమే ఎందుకంటే, జంతువు బరువు మోస్తూ ఎప్పుడూ కదులుతూ ఉండే భాగం అది. అందుకే అక్కడి కండల మధ్య కొల్లాజెన్ అనే గట్టి పీచు పదార్థం అల్లుకుని ఉంటుంది. తొందరపడి వండితే దాన్ని నమలలేం. తడి వేడిలో గంటల తరబడి ఉంచితే అదే కరిగి జెలటిన్‌గా మారుతుంది. హైదరాబాదులో పొద్దున్నే తాగే పాయా పెదవులకు అంటుకోవడం, చల్లారితే గడ్డకట్టడం నీకు తెలుసు కదా, అదంతా ఆ జెలటిన్ మహిమే. నడుము భాగంలో ఈ సరుకు చాలా తక్కువ కాబట్టి ఎంత ఉడికిస్తే అంత ఎండిపోతుంది తప్ప మెత్తబడదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నీకు ఎక్కువ వివరంగా చెప్పవలసినదీ ఇదే. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం పంది మాంసపు పెద్ద ముక్క లోపల 145 డిగ్రీలకు చేరి, 3 నిమిషాలు అలా ఉంటే తినడానికి క్షేమం. 2011కు ముందు ఈ అంకె 160గా ఉండేది. అయితే క్షేమంగా ఉండటం వేరు, విడిపోయేంత మెత్తగా ఉండటం వేరు. భుజం ముక్క 160 దాటే దాకా మెత్తబడదు సరికదా, కండ బిగుసుకుని అంతకుముందు కన్నా గట్టిగా తయారవుతుంది. నాలుగైదు గంటలకు ఆత్రంగా మూత తీసి గుచ్చి చూసినవాళ్లు, ఎక్కువ ఉడికి చెడిపోయిందని భయపడి కుక్కర్ ఆపేస్తారు. నిజానికి అది ఎక్కువ ఉడకడం కాదు, ఇంకా చాలినంత ఉడకకపోవడం. ఆ గట్టిదశ దాటి లోపలి వేడి 195 నుంచి 205 డిగ్రీల మధ్యకు చేరినప్పుడు కొల్లాజెన్ చాలావరకు కరిగిపోయి, ఫోర్కు గుచ్చి కాస్త మెలితిప్పితే చాలు, ముక్క పోగులు పోగులుగా ఊడివస్తుంది. ఎముకను వేళ్లతో పట్టుకుని లాగితే మాంసం అంటకుండా శుభ్రంగా బయటికి వస్తుంది. ఎముకతో ఉన్నదాన్నే కొనమన్నది ఇందుకే, అంతకన్నా నమ్మకమైన గుర్తు మరొకటి లేదు. పన్నెండు డాలర్లు పెట్టి ఒక థర్మామీటర్ కొనుక్కుంటే మంచిదే, కానీ ఎముకను లాగి చూడటం మానకు.

స్లో కుక్కర్ స్వభావం కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రెషర్ కుక్కర్‌తో పెరిగిన మనకు విజిల్ వినపడకపోతే కాళ్లూ చేతులూ ఆడవు. ఈ పరికరాన్ని రూపొందించిన ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరుకు ఆ ఆలోచన ఇచ్చింది, లిథువేనియా యూదుల ఇళ్లలో శుక్రవారం సాయంత్రం బేకరీ పొయ్యిలో పెట్టి, మర్నాడు సబ్బాతు రోజున తీసుకునే చోలెంట్ అనే వంటకం గురించి ఇంట్లో పెద్దలు చెప్పిన కబురు. ఆయన పరికరం 1971లో క్రాక్‌పాట్ పేరుతో బజారుకెక్కింది. ఊళ్లో మన నాయనమ్మ దాలిగుంటలో పిడకల సెగ మీద పాలకుండ పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోనిచ్చేది కాదు చూశావా, ఇదీ అలాంటి పొయ్యే. లో, హై అని ఉండే రెండు మీటల్లో ఏది నొక్కినా చివరికి చేరే వేడి దాదాపు ఒకటే. చేరడానికి పట్టే సమయంలోనే తేడా. మూత ఎత్తిన ప్రతిసారీ పోయిన వేడిని తిరిగి కూడగట్టుకోవడానికి దానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, కాబట్టి వాసన చూద్దామని పదే పదే ఎత్తకు.

నీ విందు మధ్యాహ్నం కనుక, ముందురోజు రాత్రి పది గంటలకు మొదలుపెట్టు. ఒక పెద్ద చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా పాప్రికా అనే ఎర్రటి మిరప పొడి, చిన్న చెంచా చొప్పున మిరియాల పొడి, ఆవపొడి, వెల్లుల్లి పొడి, మన గుంటూరు కారం కలిపి ముక్కకు అన్ని వైపులా పట్టించు. చక్కెర వేయకు, ఆ పని సోడా చేస్తుంది. ఆరు క్వార్టుల, అంటే ఇంచుమించు ఆరు లీటర్ల, కుక్కర్ అడుగున రెండు పెద్ద ఉల్లిపాయలు చక్రాలుగా కోసి పరచి, కొవ్వు వైపు పైకి వచ్చేలా ముక్కను వాటి మీద పెట్టి, ఒకే ఒక్క 12 ఔన్సుల డబ్బా సోడాను, పట్టించిన మసాలా కడుక్కుపోకుండా పక్కనుంచి పోసి, లో మీద పది గంటలు వదిలేయి. ముందుగా పెనం మీద ఎర్రగా వేయించాలని కొందరు అంటారు. చివర్లో ఓవెన్‌లో కాల్చుకోబోతున్నాం కనుక నా మట్టుకు అది వృథా శ్రమ. మాంసం తనంతట తానే బోలెడు నీరు వదులుతుంది, కాబట్టి రెండో డబ్బా పోయాలన్న ఆశ వద్దు. రాత్రంతా కోలాలో నానబెట్టమనే సలహాను కూడా పట్టించుకోకు, ఆ పులుపు పైపొరను పిండిలా చేస్తుందే గాని లోపలికి చొరబడదు.

ఏ సోడా అన్నది రుచికి సంబంధించిన విషయం, కొంత ప్రాంతాభిమానానికి సంబంధించినదీనూ. పెప్సీ మన రాష్ట్రపు బిడ్డ, 1893లో న్యూ బెర్న్ పట్టణంలో ఒక మందుల దుకాణంలో పుట్టింది. సాలిస్‌బరీలో 1917 నుంచి తయారయ్యే చీర్‌వైన్ చెర్రీపండు రుచితో ఎర్రగా ఉంటుంది, షార్లెట్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. టెక్సాస్‌వాళ్లను అడిగితే 1885లో వేకోలో పుట్టిన డాక్టర్ పెప్పర్ తప్ప మరొకటి వాడకూడదంటారు. రూట్ బియర్‌ను మొదటిసారి తాగినప్పుడు నాకు మోకాళ్ల నొప్పులకు రాసుకునే తైలం గుర్తొచ్చింది, ఎందుకంటే రెండింటిలోనూ వింటర్‌గ్రీన్ అనే మొక్క పరిమళమే ఉంటుంది. అయితే మసాలాతో కలిసి గంటల తరబడి ఉడికాక ఆ వాసన అణిగి, లవంగాన్ని తలపించే చక్కటి తీపి మిగిలింది. తొలిసారి వండుతున్నావు కాబట్టి చీర్‌వైన్ గాని డాక్టర్ పెప్పర్ గాని వాడు. డైట్ సోడా మాత్రం వద్దే వద్దు: అందులోని ఆస్పర్టేమ్ ఎక్కువసేపటి వేడికి విరిగిపోయి తీపి పోతుంది, పైగా చక్కెర లేనిదే సాస్ చిక్కబడదు.

ఆ సాస్‌ను పొయ్యి మీద వేరుగా కాచుకోవాలి. సీసాలో దొరికే బార్బెక్యూ సాస్‌ను మొదటే మాంసం మీద పోసేవాళ్లున్నారు. పొద్దుటికల్లా అది మాంసపు నీటిలో కలిసి పలచబడిపోతుంది, అంచుల్లో మాడి చేదెక్కుతుంది కూడా. నువ్వు తెల్లవారి లేచాక రెండో డబ్బా సోడాను వెడల్పు గిన్నెలో పోసి, మూడో వంతు మిగిలేదాకా ఇగరనివ్వు. ఒక కోలా డబ్బాలోనే 39 గ్రాముల చక్కెర ఉంటుంది, కాబట్టి బెల్లపు పాకాన్ని కనిపెట్టుకుని ఉన్నట్టే దీన్నీ చివరి ఐదు నిమిషాలు కనిపెట్టుకుని ఉండాలి. అందులో ఒక కప్పు కెచప్, మూడో వంతు కప్పు ఆపిల్ సైడర్ వెనిగర్, ఒక పెద్ద చెంచా వూస్టర్‌షైర్ సాస్, చిన్న చెంచా ఆవ పేస్టు, నీకు నచ్చినంత కారం వేసి, గరిటెకు అంటుకుని నెమ్మదిగా జారేదాకా సన్నసెగ మీద ఉంచు. తీపి ముందు తగిలి, వెంటనే వెనిగర్ నాలుకను చురుక్కుమనిపించాలి. అలా అనిపించకపోతే ఇంకో రెండు చెంచాల వెనిగర్ పోయడానికి సంకోచించకు.

మాంసాన్ని పెద్ద పళ్లెంలోకి తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాక, రెండు ఫోర్కులతో పోగులుగా లాగు. మరీ సన్నగా లాగితే ముద్దయిపోతుంది, చిటికెన వేలంత లావు ఉండనివ్వు. కుక్కర్‌లో మిగిలిన రసాన్ని వడగట్టి, పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసేసి, ఆ రసంలోంచి అరకప్పు మాత్రం మాంసం మీద చల్లు. జెలటిన్ అంతా అందులోనే ఉంది, పారబోస్తే రాత్రంతా పడిన శ్రమను పారబోసినట్టే. తరువాత సాస్‌లో సగం కలిపి, వెడల్పు ట్రేలో పలుచగా పరచి, ఓవెన్ పైసెగ కింద నాలుగైదు నిమిషాలు పెడితే అంచులు కరకరలాడతాయి. స్లో కుక్కర్ ఎన్నటికీ ఇవ్వలేని రుచి అది.

ఆఫీసులో దీన్ని బార్బెక్యూ అని పిలవకు, పుల్డ్ పోర్క్ అని మాత్రమే చెప్పు. ఈ రాష్ట్రంలో బార్బెక్యూ అంటే కట్టెల పొగ మీద గంటల తరబడి కాల్చిన పంది మాంసమే. తూర్పు జిల్లాలవాళ్లు మొత్తం పందిని కాల్చి వెనిగర్, మిరప రసం చల్లుకుంటారు. మీ షార్లెట్‌కు దగ్గర్లోని లెక్సింగ్టన్‌వాళ్లు భుజం మాత్రమే కాల్చి, ఆ వెనిగర్‌లో కాస్త కెచప్ కలుపుతారు. ఏది గొప్పన్నది వాళ్లలో వాళ్లకే తేలలేదు, మధ్యలో కరెంటు కుక్కర్‌తో నువ్వు వెళ్లకు. వండిన గిన్నె పక్కన పంది మాంసమని స్పష్టంగా చీటీ రాసి పెట్టు; తిననివాళ్లు ఉంటారు, గరిటె కూడా వేరుగా ఉండాలి. సాస్‌ను ఎవరైనా శాకాహారమనుకుని విడిగా వడ్డించుకునే ప్రమాదం ఉంది, వూస్టర్‌షైర్ సాస్‌లో చేపలు కలుస్తాయి కనుక ఆ మాట కూడా చీటీలో రాయి. బన్నులో మాంసం మీద క్యాబేజీ కోరు, వెనిగర్ కలిపిన స్లా పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. అది నువ్వు చేయకుండా మరొకరికి అప్పగించు.

తీసుకువెళ్లేటప్పుడు మాంసాన్ని వేడివేడిగా కుక్కర్‌లోకి తిరిగి సర్ది, తువ్వాలు చుట్టి, అక్కడికి చేరగానే, వండకుండా వేడిని మాత్రం నిలిపి ఉంచే వార్మ్ మీట మీద పెట్టు. మిగిలితే రెండు గంటల లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టు, మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మళ్లీ వేడి చేయడానికి మాత్రం స్లో కుక్కర్ వాడకు, అది చల్లటి మాంసాన్ని చాలాసేపు గోరువెచ్చగానే ఉంచుతుంది. పెనం మీద, వడగట్టి దాచిన రసం కాస్త చల్లి వేడి చేసుకో. ఆ రసం సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పాయాలాగే గడ్డకడుతుంది, దాన్ని చూసి చెడిపోయిందనుకోకు.

పాట్‌లక్ అయ్యాక ఎముక ఎలా ఊడివచ్చిందో నాకు రాయి. మీ పిన్ని కూడా అడిగినట్టు చెప్పమంది, గిన్నె గురించి కాదు, నీ గురించి.

ఆశీస్సులతో,
బాబాయి