నువ్వులు, వాము, పది చిట్టీలు

హన్మకొండ,
ఆదివారం

బిడ్డా,

నీ వ్యాసం అంది నాలుగు రోజులైంది. మొదటిసారి మామూలుగా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. గీతలు ఎక్కువే పడ్డాయి, కోపం తెచ్చుకోకు. అసోసియేషన్ రూల్స్ గురించి, అంటే దుకాణం బిల్లుల్లో ఏ సరుకుతో ఏ సరుకు కలిసి కనిపిస్తుందో లెక్కగట్టి చెప్పే రూల్స్ గురించి, తెలుగులో రాద్దామని ఈ ఊళ్లో ఒకరికైనా అనిపించిందంటే నాకు సంతోషమే. కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఎంతమంది పిల్లలు ఈ పాఠాన్ని పరీక్షకు ముందు రాత్రి ఇంగ్లీషులో బట్టీ పట్టి, మర్నాడు సాయంత్రానికి మరిచిపోతున్నారో నాకంటే నీకే బాగా తెలుసు.

ముందు, డైపర్లు కొన్నవాళ్లు బీరూ కొంటారన్న ఆ పేరా తీసెయ్. ఈ విషయం మీద కలం పట్టిన ప్రతివాళ్లూ అక్కడే మొదలుపెడతారు, నేనూ ఒకప్పుడు అక్కడే మొదలుపెట్టాను. 1992లో అమెరికాలో ఓస్కో అనే మందుల దుకాణాల బిల్లులు తిరగేస్తే, సాయంత్రం 5 నుంచి 7 మధ్య ఆ రెండూ కలిసి అమ్ముడవుతున్నట్టు కనిపించింది. అంతవరకే. దుకాణం వాళ్లు దాన్ని చూసి అరలు సర్దింది లేదు. శుక్రవారం అనీ, పిల్లాడికి డైపర్లు కొనడానికొచ్చిన కుర్ర తండ్రి అనీ, ఇవన్నీ చెప్పుకునేవాళ్లు తర్వాత అతికించినవి. ఇంట్లో సకినాలు పెట్టుకుని ఊరవతల బీరు కోసం పోవడం దేనికి?

సంక్రాంతికి వారం ముందు బీట్ బజార్‌లో ఏ కిరాణా దుకాణం ముందైనా కాసేపు నిలబడు. చాలామంది చిట్టీల్లో నువ్వులు, వాము కనిపిస్తాయి. సకినాల పిండిలో పడేవి అవే కదా. అక్కడి చిట్టీలు పది తీసుకుని పాఠకుడి ముందు బల్ల మీద పరిచినట్టు రాయి. నేనైతే ఇలా వేస్తాను. పదింటిలో నాలుగు చిట్టీల్లో నువ్వులు ఉన్నాయి. మూడింట్లో వాము ఉంది, ఆ మూడూ నువ్వులున్న చిట్టీలే. మంచినూనె ఎనిమిదింట్లో ఉంది. నువ్వులున్న నాలుగు చిట్టీల్లో చూస్తే నూనె మూడింట్లో ఉంది, ఒకావిడ ఆ రోజు నూనె తీసుకోలేదు.

ఇప్పుడు లెక్క. నువ్వులూ వామూ కలిసి ఉన్నవి పదికి మూడు, సపోర్ట్ 30 శాతం. నువ్వులున్న నాలుగింటిలో వాము ఉన్నవి మూడు, కాన్ఫిడెన్స్ 75 శాతం. నూనెకు కూడా వెయ్యి. నువ్వులూ నూనే కలిసి పదికి మూడు, సపోర్ట్ అదే 30. కాన్ఫిడెన్స్ నాలుగుకు మూడు, అదీ 75. పైకి రెండు రూల్సూ కవల పిల్లల్లా ఉన్నాయి. పాఠకుణ్ని ఇక్కడ కాసేపు ఆపు, వాడే గింజుకోవాలి. గల్లా దగ్గర కూర్చున్నాయనకు నూనె రూల్ చూపిస్తే నవ్వుతాడు, నూనె అందరూ తీసుకుపోయేదే కదా అంటాడు. ఆయన మాటే లిఫ్ట్. మామూలుగా 80 శాతం చిట్టీల్లో ఉన్న నూనె, నువ్వులున్న చిట్టీల్లో 75కు తగ్గింది. మామూలుగా 30 శాతంలోనే ఉన్న వాము, నువ్వులున్న చోట 75కు ఎగబాకింది. 75ను 80తో భాగిస్తే 0.94, 75ను 30తో భాగిస్తే 2.5. 1 దగ్గర ఉంటే రెండు సరుకులకూ ఒకదాని ఊసు ఒకదానికి పట్టనట్టు, 1 దాటితే కలిసి తిరుగుతున్నట్టు, తగ్గితే ఒకదానికొకటి ఎడంగా ఉన్నట్టు.

నీ వ్యాసంలో లిఫ్ట్ ఫార్ములా రెండో పేజీలో ఆకాశం నుంచి ఊడిపడింది. ఈ పది చిట్టీల తర్వాత అయితే అది ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. కాన్ఫిడెన్స్‌ను నమ్ముకుంటే వచ్చే ఈ తంటాను 1997లో నలుగురు కలిసి రాసిన ఒక పత్రం గట్టిగా ఎత్తిచూపింది. ఆ నలుగురిలో ఒకరు సెర్గీ బ్రిన్, మరుసటి ఏడాది గూగుల్ పెట్టినాయన. కావాలంటే ఈ ముక్క వాడుకో, కుర్రాళ్లు చెవి పెడతారు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. 'ఇది కొంటే అది కొంటారు' అనే తరహా వాక్యాలు నీ వ్యాసంలో పద్నాలుగు లెక్కపెట్టాను. మన భాషలో ఈ 'తే' మహా టక్కరిది. 'వాన పడితే చెరువు నిండుతుంది' అన్నామంటే వాన కారణమని వినేవాడికి విడిగా చెప్పక్కర్లేదు. రూల్‌ను 'నువ్వులు → వాము' అని రాస్తారు కదా, ఆ మధ్యలో బాణం గుర్తు కనబడగానే మన చెయ్యి దానంతటదే 'తే' రాసేస్తుంది. ఆ బాణానికి కారణాలతో పని లేదు. నలుగురిలో ముగ్గురు అని చెప్పి ఊరుకుంటుంది. అందుకని 'నువ్వులు ఉన్న నాలుగు చిట్టీల్లో మూడింట వాము కూడా ఉంది' అని రాయి. వాక్యం కాస్త బరువుగా నడుస్తుంది. నడవనీ.

ఈ 'తే' నన్ను ఒకసారి నిండా ముంచింది. ఒక మేడారం జాతర నెలలో తెలిసిన దుకాణం బిల్లులు తెచ్చుకుని, లెక్కవేసి, 'కొబ్బరికాయలు కొంటే బెల్లమూ కొంటారు' అని ఒక పత్రికకు రాశాను. లిఫ్ట్ ఎంత వచ్చిందో కూడా గొప్పగా వేసుకున్నాను. అది చదివి ఇంకో దుకాణమాయన కొబ్బరికాయల బస్తాల పక్కనే బెల్లం దిమ్మెలు పేర్చాడు. రెండు నెలల తర్వాత దారిలో ఎదురుపడి, 'సార్, బెల్లానికి చీమలు వచ్చినయ్, మనుషులు రాలే' అన్నాడు. జాతరకు పోయేవాళ్లు తమ ఎత్తు బెల్లం తూకం వేయించి అమ్మలకు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు. రెండూ జాతర కోసం కొన్నవే. జాతరేమో రెండేళ్లకోసారి. సమ్మక్క సారలమ్మలు నడిపించిన అమ్మకాన్ని నేను కొబ్బరికాయ ఖాతాలో రాశాను.

ఇంతకంటే ఘాటైన ఉదాహరణ కావాలంటే ఎరువుల దుకాణానికి పో. యూరియా దొరకని రోజుల్లో బస్తాకు ఇంకేదో లింకు పెట్టి అంటగడుతున్నారని రైతులు మొత్తుకోవడం మనం వింటున్నదే. ఆ బిల్లులు సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి చూడు, యూరియా నుంచి ఆ రెండో సరుకుకు బ్రహ్మాండమైన కాన్ఫిడెన్స్‌తో రూల్ పుడుతుంది. అది రైతు ఇష్టమని రాయగలవా?

పద్ధతుల భాగం ఫరవాలేదు గానీ, ఈ రూల్స్ వెతికిపెట్టే ఆప్రియారి అనే పద్ధతి అవసరం ఎందుకొచ్చిందో చెప్పకుండానే దాని మెట్లు ఎక్కేశావు. దుకాణంలో 100 రకాల సరుకులుంటే జతలు 4,950. మూడేసి చొప్పున అయితే 1,61,700. నాలుగేసి అనేసరికి 39 లక్షలు దాటుతుంది. అన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. ఐబీఎం అల్మాడెన్ పరిశోధన కేంద్రంలో ఉన్న రాకేశ్ అగ్రవాల్ ఇద్దరు సహచరులతో కలిసి 1993లో ఈ సమస్యను జనం ముందు పెట్టాడు. 1994లో ఆయనా రామకృష్ణన్ శ్రీకాంతూ ఆప్రియారి తెచ్చారు. దాని కిటుకు చాలా చిన్నది. కనీసం మూడు చిట్టీల్లో కలిసి ఉన్న గుంపులే కావాలని హద్దు పెట్టుకున్నావనుకో. కుంకుమపువ్వు మొత్తం రెండు చిట్టీల్లోనే ఉంటే, కుంకుమపువ్వూ పాలూ కలిసి మూడు చిట్టీల్లో ఎలా ఉంటాయి? కాబట్టి కుంకుమపువ్వు ఉన్న ఏ గుంపునూ ఇక వెతకక్కర్లేదు. ఒక్క సరుకు కొట్టేస్తే లక్షల లెక్కలు రాలిపోతాయి.

2000లో వచ్చిన ఎఫ్‌పీ గ్రోత్ అనే ఇంకో పద్ధతి డేటాను రెండేసార్లు చదివి ఒక చెట్టులా కుదిస్తుంది. ఎక్లాట్ అనే మూడో పద్ధతి పద్దును తిరగేసి రాసుకుంటుంది, ఏ సరుకు ఏయే నంబరు బిల్లుల్లో ఉందో రాసుకుని రెండు జాబితాల్లో కలిసిన నంబర్లు లెక్కపెడుతుంది. 'ఎఫ్‌పీ గ్రోత్ మరింత మంచి రూల్స్ ఇస్తుంది' అన్న నీ వాక్యం కొట్టేశాను. ఒకే డేటా, ఒకే హద్దులు ఇస్తే మూడింటి జవాబూ ఒకటే. తేడా వేగంలో, మెమరీలో.

సాఫ్ట్‌వేర్ల పట్టిక మాత్రం మొత్తం మార్చు. పన్నెండు పేర్లు వరసగా పెట్టావు, నువ్వు వాటిలో ఎన్ని నడిపి చూశావో నాకు తెలిసిపోయింది. చేత్తో ముట్టుకున్నవాటి గురించే రాయి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఏరూల్స్ ప్యాకేజీ తీసుకో. అందులోనే గ్రోసరీస్ అనే డేటా ఉంటుంది, ఒక దుకాణంలో నెలరోజుల బిల్లులు 9,835, సరుకుల రకాలు 169. ఏ హద్దూ మార్చకుండా ఆప్రియారి నడిపితే వచ్చేది సున్నా. కొత్తవాళ్లు అక్కడే టెన్షన్ పడి ఏదో పాడైందనుకుంటారు. అది సపోర్ట్ 10 శాతం, కాన్ఫిడెన్స్ 80 శాతం అని తనే పెట్టుకుంటుంది మరి. సపోర్ట్‌ను 0.1 శాతానికి దించితే 410 రూల్స్ వస్తాయి, కాన్ఫిడెన్స్‌ను కూడా 50కి దించితే 5,668. ఈ మూడు అంకెలూ రాస్తే చాలు, హద్దులు పెట్టడమంటే ఏమిటో పాఠకుడికి తెలిసిపోతుంది. ఆ 410లో కొన్ని 9,835 బిల్లుల్లో పదంటే పది బిల్లుల మీద నిలబడ్డవని కూడా చెప్పు. ఆ డేటాలో నాలుగో వంతు బిల్లుల్లో పాలున్నాయి, అందుకని పాల వైపు చూపించే రూల్ ఏది వచ్చినా ముందు లిఫ్ట్ అడగాలి.

వెకా అనే సాఫ్ట్‌వేర్ న్యూజిలాండ్‌లోని వైకాటో యూనివర్సిటీది, మౌస్‌తో నొక్కుకుంటూ పోవచ్చు కాబట్టి మన కాలేజీ ల్యాబుల్లో పిల్లలకు ఇష్టం. దానితో ఒక తిరకాసు ఉంది. కొననిదాన్ని 'లేదు' అని నింపి ఇస్తే, కుంకుమపువ్వు లేని బిల్లులో బాదం కూడా లేదు అనే రూల్స్ దాదాపు నూటికి నూరు కాన్ఫిడెన్స్‌తో వరద పారుతుంది. కొననిచోట ప్రశ్న గుర్తు పెట్టి ఖాళీ అని చెప్పాలి. పైథాన్ భాష వాడేవాళ్లకు ఎంఎల్ఎక్స్‌టెండ్ అనే ప్యాకేజీ చాలు. అందులో ఒక్కో బిల్లు ఒక్కో వరస, ఒక్కో సరుకు ఒక్కో నిలువు గడి అయిపోతుంది. సరుకులు వేలల్లో ఉంటే ల్యాప్‌టాప్ మూలుగుతుంది, అప్పుడు ఆప్రియారి బదులు అందులోనే ఉన్న ఎఫ్‌పీ గ్రోత్ పిలవాలి. ఇంకా లోతుకు పోదలచినవాళ్లకు జావాలో రాసిన ఎస్‌పీఎంఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ ఉందని ఒక్క వాక్యం రాసి వదిలెయ్.

ఇవన్నీ నడిపేముందు పడే చాకిరీ గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. నా జాతర బిల్లుల్లో ఒక కుర్రాడు 'బెల్లం' అని కొట్టాడు, ఇంకొకడు 'జాగరీ' అన్నాడు, మూడోవాడు జాతర భాషలోనే 'బంగారం' అని కొట్టాడు. సాఫ్ట్‌వేర్‌కు అవి మూడు సరుకులు, బెల్లం సపోర్ట్ మూడు ముక్కలైంది. ఇంకా పెద్ద చిక్కు ఖాతా గిరాకీలు. నెలంతా అరువు మీద తీసుకుని ఒకటో తారీఖు లెక్క చూసుకునే ఇంటివాళ్లకు ఒకే బిల్లు, దానిలో నలభై సరుకులు. ఆ బిల్లులో సబ్బూ చింతపండూ అగ్గిపెట్టే అన్నీ 'కలిసి' కొన్నట్టే. అలాంటివాటిని రోజులవారీగా విడగొట్టాలి, కుదరకపోతే పక్కన పెట్టాలి. దీనికి ఒక పేజీ ఇవ్వు, డైపర్లు ఖాళీ చేసిన చోటు ఉంది కదా.

మాటల విషయం. కాన్ఫిడెన్స్‌ను 'విశ్వాసం' అన్నావు, లిఫ్ట్‌ను 'ఉద్ధరణ' అన్నావు. రెండోదానికి నేను గట్టిగా నవ్వాను, మీ అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో ఉంచి, పక్కనే 'నలుగురిలో ముగ్గురు' లాంటి ముక్క పెట్టు, అదే అనువాదం.

మూడో పేజీలో చాయ్‌పత్తా, చక్కెర లెక్క మళ్లీ చూసుకో. 200 చిట్టీల్లో చాయ్‌పత్తా 40, చక్కెర 50, రెండూ కలిసి 15 అన్నావు. చాయ్‌పత్తా నుంచి చక్కెరకు కాన్ఫిడెన్స్ 30 శాతం అని వేశావు. 15ను 50తో భాగించావు, అది చక్కెర నుంచి చాయ్‌పత్తాకు వచ్చేది. నువ్వు రాసిన వైపు 40తో భాగించాలి, 37.5 వస్తుంది. లిఫ్ట్ ఎటునుంచి వేసినా 1.5, అది సరిగానే వేశావు. సరిచేసిన కాగితాలు వచ్చే ఆదివారం నువ్వే పట్టుకురా, పోస్టులో వెయ్యకు.

మీ మామయ్య