ఒంటిగంట దాకా మేలుకునే అమ్మాయికి

ప్రశ్న: నాకు పదిహేడేళ్ళు. మాది కోనసీమలో ఒక పల్లె. ఇంటర్ సెకండియర్, బైపీసీ. అమ్మ ఆరేళ్ళ నుంచి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. నాన్న ఉన్నాడంటే ఉన్నాడు. నేనూ తమ్ముడూ అమ్మమ్మ దగ్గరుంటాం. పక్క వీధిలో పిన్ని ఉంది, మంచిదే గానీ ఆవిడ పనులు ఆవిడవి. అమ్మకి పనయ్యేసరికి అక్కడ పదిన్నర, ఇక్కడ ఒంటిగంట. అప్పుడు వీడియో కాల్ చేస్తుంది. నేను మళ్ళీ అయిదింటికి లేచి వంట చేసి, తమ్ముణ్ణి బడికి తయారుచేసి, ఏడున్నర బస్సు ఎక్కాలి. ఈమధ్య బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, ఊపిరి అందదు. ఫస్టియర్లో ఫిజిక్స్ పోతే సప్లీ రాసి గట్టెక్కాను, అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. ఎవరు కనిపించినా ‘మీ అమ్మ నీకోసమే అంత కష్టపడుతోంది’ అంటారు. చదువు ఎక్కకపోతే బావకిచ్చి చేసేద్దాం అంటుంది అమ్మమ్మ. ఒక్కోసారి నేనే లేకపోతే అమ్మకి ఈ కష్టం ఉండేది కాదుగా అనిపిస్తుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

జవాబు: తల్లీ, నువ్వు ఉత్తరం చివర్లో, పోతూ పోతూ అన్నట్టు రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. ‘నేనే లేకపోతే’ అన్నావు. సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు: చనిపోవాలని కూడా అనిపిస్తోందా? అవునన్నా, అప్పుడప్పుడన్నా, ‘ఏమో’ అన్నా సరే, ఆ మాట ఈ రోజే ఒక పెద్దమనిషితో నోరు తెరిచి చెప్పాలి. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అడిగినందువల్ల పుట్టదు. అడిగేవాళ్ళు లేకపోతేనే అది లోపల ముదురుతుంది. పిన్నికి చెప్పు. ఆవిడ పనులు ఆవిడవే, కానీ ఈ ఒక్క మాట విన్నాక ఆ పనులు ఆగుతాయి. రాత్రిపూట భరించలేనట్టు అనిపిస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, 14416కి ఫోన్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పద్దెనిమిది నిండనివాళ్ళు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చేయొచ్చు.

ఇప్పుడు నీ రోజుని ఒకసారి లెక్క వేద్దాం. ఒంటిగంటకి ఫోన్ మొదలైతే ఎంత లేదన్నా అరగంట. ఆ తర్వాత అమ్మ మొహం కళ్ళముందు తిరుగుతుంటే ఇంకో అరగంట. అయిదింటికి లేవాలి. అంటే మూడు గంటల నిద్ర. నీ వయసు పిల్లలకి కనీసం ఎనిమిది గంటలు కావాలి. ఆ మూడు గంటల నిద్రతో ఫిజిక్స్ ఎవరికెక్కుతుంది చెప్పు? నేనైతే కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తాను. నీకు చదువు రాదని నువ్వు అనుకుంటున్నావు, అమ్మమ్మా అనుకుంటోంది. కంటినిండా నిద్రపోయిన బుర్రతో నువ్వు చదివి చూసిందెప్పుడు?

బస్సులో వచ్చేదాన్ని పానిక్ ఎటాక్ అంటారు. నువ్వు రాసిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి. వచ్చినప్పుడు ప్రాణం పోతున్నట్టే ఉంటుంది గానీ ప్రాణం తీయదు. సుమారు పది నిమిషాల్లో పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. అప్పుడు గబగబా ఊపిరి లాక్కుంటే చేతుల్లో తిమ్మిరి ఇంకా ఎక్కువవుతుంది. లోపలికి మామూలుగా పీల్చి, బయటికి మాత్రం వేడి పాలు ఊదుకున్నట్టు మెల్లగా, పొడుగ్గా వదులు. కిటికీ పక్కన కనిపించేవాటిని లోలోపల చెప్పుకుంటూ పో: కాలవ, గట్టు మీద గేదె, రొయ్యల చెరువులో తిరిగే చక్రాలు, కొబ్బరికాయల లారీ. రెండు స్టాపులు దాటేసరికి నెమ్మదిస్తుంది. మధ్యలో దిగిపోకు. ఒకసారి దిగితే మర్నాడు ఎక్కడానికే భయమేస్తుంది.

అయితే పానిక్ అని మనకి మనం ఖాయం చేసేసుకోకూడదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా గుండె దడ వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. తమ్ముడి క్యారేజీ కట్టి, నువ్వేమీ తినకుండా బస్సు కోసం పరిగెడుతున్నావని నా అనుమానం. ఏఎన్ఎమ్ సిస్టర్‌ని హిమోగ్లోబిన్ చూడమను. పన్నెండు కంటే తక్కువుంటే మందు వాడాలి. కాలేజీలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఇంతవరకూ పుస్తకాల సంచీలోనే ఉండిపోతుంటే, ఇకనైనా అన్నం తిన్నాక వేసుకో.

ఇక ఆ ‘నీకోసమే’ అనే మాట. మన వైపు గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇల్లు గేటు రంగు చూసి చెప్పేయొచ్చు. స్లాబు పడి ఉంటుంది, ప్లాస్టరింగు మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా పడుతూ ఉంటుంది. ఆ స్లాబు కోసం, పాత అప్పు కోసం, నాన్న తేని సంపాదన కోసం మీ అమ్మ విమానం ఎక్కింది. నీ చదువు కోసం కూడానేమో. కానీ నీకోసమే కాదు. అప్పటికి నీకు పదకొండేళ్ళు. వెళ్ళమని నువ్వు అనలేదు, ఏజెంటుతో బేరం నువ్వు ఆడలేదు. అమ్మ కష్టం నిజం, దాని మీద నీకున్న ప్రేమా నిజమే. అంతమాత్రాన ఆ అప్పు పత్రం మీద నీ వేలిముద్ర లేదు. దారిలో ఎవరో పెద్దావిడ ఆపి ‘అమ్మ ఫోన్ చేస్తోందా? జాగ్రత్తగా చదువుకో, నీకోసమే పడుతోంది’ అంటే, ‘ఆయ్, చేస్తోందండి’ అని నడిచిపో. వాళ్ళది పలకరింపు. దాన్ని ఇంటిదాకా మోసుకురాకు.

నువ్వు లేకపోతే మీ అమ్మకి కష్టం తప్పేదన్న లెక్క కూడా తప్పు. పదిహేను గంటలు ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమి, పదిన్నరకి ఆవిడ మొట్టమొదట పట్టుకునేది ఫోను. నిన్ను చూడటానికి.

ఆ ఫోన్ మానెయ్యమని నేననను, వేళ మార్చమంటాను. అమ్మని రాత్రి వాయిస్ మెసేజీలు పెట్టమను, పొద్దున్న పొయ్యి దగ్గర విను. నువ్వు సాయంత్రం పెట్టు, ఆవిడ పనయ్యాక వింటుంది. మొహాలు చూసుకునే పెద్ద కాల్ వారానికి ఒకటి, ఆవిడకి కాస్త తీరిక దొరికే రోజు చూసుకుని. ఒంటిగంటకి అరచేతిలో వెలుగుతున్న ఫోన్లో మీ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునేది ఏమిటి? ‘తిన్నావా?’ ‘తిన్నాను. నువ్వు?’ ‘తిన్నాను.’ ఇద్దరూ అబద్ధమే ఆడుతున్నారేమో కూడా.

మొదటి మెసేజీ ఎలా పెట్టాలో తెలియకపోతే ఇలా చెప్పు: ‘అమ్మా, నీ మీద కోపం లేదు. నాకు ఒంట్లో బాగుండటం లేదు, నిద్ర చాలటం లేదు. బస్సులో గుండె దడ వస్తోంది. పిన్నితో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఫస్టియర్లో ఫిజిక్స్ పోయింది, సప్లీలో పాసయ్యాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు.’ అంతే. సంజాయిషీ వద్దు. అమ్మ ఏడవొచ్చు, ‘ఇంత చేస్తే నువ్వు నాకిదా చెప్పేది’ అనీ అనొచ్చు. దూరంలో ఉన్న మనిషికి మొదట వచ్చేది భయం, అది కోపంలా వినిపిస్తుంది. ఆ రోజు వాదించకు. మర్నాడు ఆవిడే మళ్ళీ చేస్తుంది.

బావ సంగతి మీద ఎక్కువ చెప్పను. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. నిండాక కూడా నీకు ఇష్టం లేకుండా కుదరదు. అమ్మమ్మ అనేది బెదిరింపో, బెంగో తెలుసుకోవాలంటే పప్పులోకి చింతపండు పిసికే వేళ పక్కన కూచుని అడుగు. ఆవిడకీ వయసు మీద పడుతోంది, నిన్ను ఎవరి చేతుల్లో పెట్టాలా అని దిగులుంటుంది.

మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా అని లెక్చరర్‌ని అడుగు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో తీర్పిస్తూ, 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. నువ్వు అడుగుతున్నది వాళ్ళు పెట్టాల్సినదే. మొహమాటపడకు.

పిన్నిగారికి ఒక మాట. ఈ జవాబు ఈ పిల్లే మీకు చదివి వినిపిస్తుంది. ‘ఇంత చిన్నదానికి టెన్షనేమిటి’ అనకండి, చాలు. కొన్ని రోజులు రాత్రిళ్ళు మీ ఇంట్లో పడుకోబెట్టుకోండి. చేలోకి వాడే మందులు రెండిళ్ళల్లోనూ లేకుండా చూడండి, బయట ఎక్కడైనా పెట్టి తాళం వేసి, తాళంచెవి మగవాళ్ళ దగ్గర ఉంచండి. పొద్దున్న వంట ఒకపూట మీరో, అమ్మమ్మో చూడండి. తమ్ముడికి పదేళ్ళు దాటి ఉంటే తన క్యారేజీ తనే కట్టుకోగలడు, మగపిల్లాడైనంత మాత్రాన చేతులు అరిగిపోవు. ముమ్మిడివరం, యానాం మీదుగా కాకినాడ బస్సు ఎక్కి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఈ వారంలోనే తీసుకెళ్ళండి. పిచ్చివాళ్ళని చూసే చోటు కదా అని ఎవరైనా అంటే, నిద్ర పట్టనివాళ్ళని కూడా చూస్తారని చెప్పండి.

అమ్మలూ, మెసేజీలు, ఐరన్ మాత్రలు, లెక్చరర్‌ని అడగటం రేపటి నుంచి మొదలుపెట్టొచ్చు. పిన్ని దగ్గరికి వెళ్ళడం మాత్రం ఈ సాయంత్రమే. తమ్ముడి ట్యూషన్ అయ్యేదాకా ఆగకు, వాణ్ణి తర్వాత పిలుచుకొస్తారు.