ప్లెయిన్ టైగరా, డనాయిడ్ ఎగ్‌ఫ్లైనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊరి చెరువుగట్టు మీద పిల్లలతో కలిసి సీతాకోకచిలుకల జాబితా రాస్తున్నాం. మొన్న ఫోన్‌తో తీసిన ఫొటో చూసి యాప్ ‘డనాయిడ్ ఎగ్‌ఫ్లై’ అంది. మా జాబితాలో ఆ పేరు లేదు. చేర్చుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, అన్నమయ్య జిల్లా

జవాబు: ఇప్పుడే చేర్చకండి. ఇది మన రాష్ట్రానికి కొత్తదేమీ కాదు, మీ చెరువుగట్టు జాబితాకే కొత్త. అయినా ఇంత తేలిగ్గా పొరబడే సీతాకోకచిలుకలు తక్కువ. అందుకే రుజువు గట్టిగా ఉండాలి.

డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ అనే మరో సీతాకోకచిలుకలా ఉంటుంది. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని, ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. పిట్టలు దాని జోలికి పోవు. విషం లేని ఎగ్‌ఫ్లై ఆడది ఆ రంగులు తొడుక్కుని బతుకుతుంది. పిట్టల కళ్లనే మోసం చేసేది మన కళ్లనూ చేస్తుంది.

ఫొటోలో ముందుగా వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కి ఆ రెక్క నడిమి భాగంలో మూడు నల్ల చుక్కలుంటాయి. మగదానికి నాలుగోది కూడా ఉంటుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదానికి ఒక్కటే నల్ల చుక్క, అదీ నడుమ కాదు, పై అంచు దగ్గర. రెక్కలు పూర్తిగా పరిచి కూర్చున్నప్పుడు ముందు రెక్క ఈ చుక్కను కప్పేయొచ్చు. కాబట్టి ‘ఒక్క చుక్క కనిపించిందా’ అని కాక, ‘నడుమ చుక్కల గుంపు లేదని తేలిందా’ అని చూసుకోండి. రెండో గుర్తు వెనక రెక్క అంచు: ఎగ్‌ఫ్లైకి అలలు అలలుగా, ప్లెయిన్ టైగర్‌కి నున్నగా ఉంటుంది. రెక్కలు చిరిగిన ముసలి సీతాకోకలో ఈ గుర్తు నమ్మలేం.

ముందు రెక్క కొసన నలుపు, తెలుపు పట్టీ ఉందా లేదా అన్నదాన్ని ఆధారం చేసుకోకండి. ప్లెయిన్ టైగర్‌లో ఆ పట్టీ లేని రూపం ఒకటి ఉంది, దాన్ని అనుకరించే ఎగ్‌ఫ్లై ఆడ రూపమూ ఉంది. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

డనాయిడ్ ఎగ్‌ఫ్లై మగది దొరికితే పని సులువు. నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలు, ముందు రెక్కకు రెండు, వెనక రెక్కకు ఒకటి. వాటి చుట్టూ ఊదా నీలపు మెరుపు. దీన్ని గ్రేట్ ఎగ్‌ఫ్లై అనే దగ్గరి జాతి మగదానితో కలిపేస్తారు కాబట్టి రెక్కల కింది వైపు ఫొటో తప్పనిసరి. డనాయిడ్ ఎగ్‌ఫ్లైకి కింది వైపు వెనక రెక్క మీద వెడల్పాటి తెల్ల పట్టీ, పై అంచున నల్ల చుక్క ఉంటాయి. మగది ఒక చోటు ఎంచుకుని కూర్చుంటుంది, తరిమినా మళ్లీ అక్కడికే వస్తుంది. పది నిమిషాలు కదలకుండా నిలబడితే రెండు వైపులా ఫొటో దొరుకుతుంది.

గుడ్లు పెట్టే తల్లి మొక్కను వెతకడం ఇంకా మంచి దారి. దీని గొంగళిపురుగు గంగవాయిలి కూర తింటుంది. దాన్ని మీ వైపు పావిలి కూర అంటారేమో. ఆ పురుగు ఒంటినిండా కొమ్మలు చాచిన ముళ్లు, తల మీద రెండు పొడుగాటి ముళ్లు ఉంటాయి. ప్లెయిన్ టైగర్ పురుగు మాత్రం జిల్లేడు మీద, పసుపు, నలుపు చారలతో, మూడు జతల మెత్తని కొమ్ములతో కనిపిస్తుంది. పావిలి కూర మీద ముళ్ల పురుగు దొరికి, అదే ప్యూపా కట్టి బయటికొస్తే, ఈ జాతి మీ గట్టు మీద పిల్లల్ని కంటోందని తేలినట్టే. ఒక్క పెద్ద సీతాకోకతో ఆ మాట చెప్పలేం. అది ఎటో పోతూ దారిలో ఆగి ఉండొచ్చు.

ఫొటోతోపాటు తేదీ, సమయం, చోటు, ఎన్ని కనిపించాయి, ఏ మొక్క మీద ఉంది, అన్నీ అక్కడికక్కడే రాసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అందులోని తేదీ, జీపీఎస్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. కత్తిరించని అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. జీవుల ఫొటోలు పెట్టి పేరు తేల్చుకునే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్‌లో పెడితే మరో ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు చూస్తారు. యాప్ ఇచ్చిన పేరును ఊహగానే తీసుకోవాలి. దాని వెనక ఫొటో పోలికతోపాటు ఆ చుట్టుపక్కల ఇతరులు ఏం చూశారన్న లెక్క కూడా ఉంటుంది. చుట్టుపక్కల ఎవరూ నమోదు చేయకపోతే అసలుదాన్ని అది తప్పించేస్తుంది కూడా.

ప్రశ్న: మా కాలేజీలో దొరికిన పాత సీతాకోకచిలుకల జాబితాలో క్రిమ్సన్ రోజ్ ఉంది. మాకు ఒక్కసారీ కనపడలేదు. కొట్టేయాలా?
– డిగ్రీ విద్యార్థులు, కర్నూలు

జవాబు: కొట్టేయొద్దు, ‘ఫొటో లేదు, నమూనా లేదు’ అని పక్కన రాయండి. కామన్ మార్మన్ అనే మరో సీతాకోకచిలుక ఆడదాని రూపాల్లో ఒకటి క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తుంది. ఎగురుతుండగా చూసి రాసిన పేరైతే అనుమానమే. మీరు చూసేటప్పుడు ఒంటి రంగు గమనించండి: క్రిమ్సన్ రోజ్ ఒళ్లు ఎర్రగా, మార్మన్ ఒళ్లు నల్లగా ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఈశ్వరి తీగ ఎక్కడుందో కనుక్కోండి. క్రిమ్సన్ రోజ్ గుడ్లు పెట్టేది దాని మీద, దాని దగ్గరి జాతి మొక్కల మీద. తీగ ఉన్న చోట వర్షాకాలమంతా పదిహేను రోజులకోసారి చూడండి. ఒక ఎండాకాలం తిరిగి ‘లేదు’ అని రాస్తే అది లెక్కకు రాదు.

ప్రశ్న: రోడ్డు పక్కన చచ్చిపడిన అరుదైన సీతాకోక దొరికితే దాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) షెడ్యూళ్లలో (రక్షణ ఉన్న జాతుల జాబితాల్లో) ఉన్న జాతి అయితే, అనుమతి లేకుండా చచ్చినదాన్ని దగ్గర ఉంచుకున్నా నేరమే. అక్కడే స్కేలు పక్కన పెట్టి పైవైపు, కిందివైపు ఫొటోలు తీసి, దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయానికి చెప్పండి. వేళ్లతో రుద్దితే రెక్కల మీది పొలుసులు రాలిపోయి గుర్తులు చెరిగిపోతాయి, కాబట్టి ఫొటో కోసం తిప్పాల్సి వస్తే గడ్డిపరకతో తిప్పండి.