దొంగతనం మోపి స్టేషన్‌కు రమ్మంటున్నారు: వెళ్లి మాట్లాడాలా, వద్దా?

ప్రశ్న: నేను ఒక బట్టల దుకాణంలో ఏడేళ్లుగా క్యాషియరుగా పనిచేస్తున్నాను. గల్లాలో 3 లక్షల 40 వేల రూపాయలు తగ్గాయని యజమాని నా మీద ఫిర్యాదు చేశారు. ఆ డబ్బు నేను తీయలేదు. నిన్న స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్లు, మాట్లాడదాం" అన్నారు. తప్పు చేయనప్పుడు భయమెందుకు, వెళ్లి జరిగిందంతా చెప్పమని మా మామయ్య అంటున్నారు. నోరు విప్పితే ఇరుక్కుంటావని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్టేషన్‌కు వెళ్లడం వేరు, అక్కడ కూర్చుని జరిగిందంతా ఏకరువు పెట్టడం వేరు. మీరు తప్పక వెళ్లాలి. అయితే నోటీసు చేతికి అందాక, ఒక న్యాయవాదిని కలిసిన తరువాతే వెళ్లాలి.

ఫోన్‌లో పిలిచినంత మాత్రాన అది చట్టం చెప్పే నోటీసు కాదు. ఉద్యోగి యజమాని సొత్తు దొంగిలించాడనే ఆరోపణకు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు దర్యాప్తు అధికారి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వాలి. కోర్టు ఆవరణలో ఇప్పటికీ అందరూ పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో "41ఏ నోటీసు" అనేది దీన్నే. దాన్ని వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మళ్లీ ఫోన్ వస్తే "తప్పకుండా వస్తాను సార్, నోటీసు ఇప్పించండి" అని మర్యాదగా చెప్పండి. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా మిమ్మల్ని అరెస్టు చేయడానికి వీల్లేదు. నోటీసు అందుకుని కూడా ముఖం చాటేస్తే ఆ రక్షణను మీ చేతులతో మీరే పోగొట్టుకున్నవారవుతారు.

ఇక మౌనం సంగతి. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ని బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పథి పోలీసులు రాసి ఇచ్చిన ప్రశ్నలకు జవాబివ్వడానికి నిరాకరించిన కేసులో, ఈ హక్కు కోర్టు బోనుకే పరిమితం కాదని, పోలీసు విచారణ దశలోనూ వర్తిస్తుందని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే పేరు, చిరునామా, ఉద్యోగం వంటి వివరాలు దాచకండి. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా చెప్పకండి. మిమ్మల్ని ఇరికించే అవకాశమున్న ప్రశ్న ఎదురైతే "దీనికి మా వకీలుగారిని సంప్రదించి రాతపూర్వకంగా సమాధానం ఇస్తాను" అంటే చాలు. అరెస్టు చేసి విచారిస్తే, విచారణ సాగినంతసేపూ కాకపోయినా, మధ్యలో మీకు నచ్చిన న్యాయవాదిని కలిసే హక్కును నాగరిక సురక్షా సంహిత 38వ సెక్షన్ ఇచ్చింది.

తప్పు చేయనివాడికి ఈ జాగ్రత్త దేనికని మీ మామయ్యగారు అడుగుతారు. కంగారులో ఉన్న మనిషి "ఆ రాత్రి తొమ్మిదింటికే గల్లా అప్పగించి వెళ్లిపోయాను" అంటాడు. సీసీ కెమెరాలో అతడు తొమ్మిదీ ముప్పై అయిదుకు బయటికి వస్తూ కనిపిస్తాడు. అది మరపు మాత్రమే. అయినా దర్యాప్తు అధికారి మనసులో అది అబద్ధంగా నాటుకుపోతుంది, బెయిలు దరఖాస్తును వ్యతిరేకించేటప్పుడు బయటికి వస్తుంది. అందుకే ముందు ఎఫ్‌ఐఆర్ నకలు సంపాదించి, ఏ తేదీన ఎంత పోయిందని రాశారో చూసుకున్నాకే నోరు విప్పాలి. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీరు సంతకం చేయనవసరం లేదని అదే సంహిత 181వ సెక్షనే చెబుతోంది. ఖాళీ కాగితం మీదైతే ఎవరు అడిగినా సంతకం పెట్టవద్దు.

మీ లేఖలో లేని ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువు చేయడానికి వీల్లేదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ అంటోంది. యజమాని దగ్గర రాసిచ్చిన కాగితానికి ఆ రక్షణ లేదు. "నెలకింత చొప్పున కట్టేస్తానని రాసివ్వు, కేసు వెనక్కి తీసుకుంటాం" అని పెద్దమనుషులు నచ్చజెబుతారు. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు బతిమాలుతారు. తీయని డబ్బుకు హామీ రాసిచ్చి, ఆ ఒక్క కాగితంతోనే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగేవారి బాధ చూడలేం. క్షమాపణ కోరుతూ ఒక్క వాట్సాప్ సందేశం కూడా పంపకండి.

మౌనంగా ఉండకూడని విషయమూ ఒకటుంది. దుకాణంలోని సీసీ కెమెరా దృశ్యాలు కొన్నాళ్లకు వాటంతటవే చెరిగిపోతాయి. ఆ దృశ్యాలనూ గల్లా అప్పగింత పుస్తకాన్నీ వెంటనే స్వాధీనం చేసుకోమని స్టేషన్ హౌస్ ఆఫీసరుకు న్యాయవాది చేత అర్జీ రాయించి, నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోండి.

అరెస్టు భయం నిజంగా ఉంటే నాగరిక సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలుకు దరఖాస్తు చేయవచ్చు. ఒకవేళ అరెస్టు చేసినా, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. చేయి చేసుకుని ఉంటే ఆ మాట మేజిస్ట్రేటుకు అక్కడే చెప్పండి.

ఈ రాత్రే కూర్చుని, గల్లా ఎవరెవరి చేతుల్లో ఉండేది, తాళాలు ఎవరి దగ్గర ఉండేవి, చివరిసారి లెక్క ఎప్పుడు సరిపోయింది, అంతా గుర్తున్నంత వరకు రాయండి. పైన మీ న్యాయవాదిని ఉద్దేశించి రాసి, ఆయన చేతికే ఇవ్వండి. వృత్తిపరంగా కక్షిదారు తనకు చెప్పిన విషయాన్ని అతని అనుమతి లేకుండా న్యాయవాది బయటపెట్టకూడదు.