'నీళ్లు' మూలం కట్టేటప్పుడు

చిరంజీవి మాధవికి,

ఊరాలిక్ భాషల్లో (ఫిన్నిష్, హంగేరియన్ చేరిన కుటుంబం) 'నీళ్లు' మాటకు మూలరూపం, అంటే వాటన్నిటికీ ముందున్న పాత రూపం, కడతానన్నావు. సరైన మాటే పట్టుకున్నావు. ఫిన్నిష్ 'వెసి', హంగేరియన్ 'వీజ్' పక్కపక్కన పెట్టి, 'స' కాస్తా 'జ' అయిందని మాత్రం రాసెయ్యకు. నిఘంటువులో కనబడే రూపం వదిలేసి, విభక్తి చేరే అంగం తీసుకో. మన 'ఇల్లు' 'ఇంటికి'లో బయటపడ్డట్టే, 'వెసి' కూడా 'వెతెన' అన్నప్పుడు తన పాత తకారాన్ని చూపిస్తుంది. ఫిన్నిష్‌లో 'తి' తర్వాతి కాలంలో 'సి' అయింది, అంతే.

అచ్చుల మధ్య తకారం హంగేరియన్‌లో జకారమవుతుందనడానికి ఒక్క జత చాలదు. 'చెయ్యి' మాట చూడు: ఫిన్నిష్‌లో 'క్యాసి' (అంగం క్యాతె-), హంగేరియన్‌లో 'కేజ్'. ఫిన్నిష్‌లో 'కొత' గుడిసె, హంగేరియన్‌లో 'హాజ్' ఇల్లు. ఇక ఉద్ముర్త్, కోమి భాషల్లో ఆ తకారం పూర్తిగా రాలిపోతుంది: నీళ్లు 'వు', 'వ', చెయ్యి రెండింటిలోనూ 'కి'. చెవికి 'వు', 'వీజ్' ఏమాత్రం కలవవు, అయినా ఒకే తేడా మాట తర్వాత మాటలో క్రమం తప్పకుండా వస్తోంది గనుక గట్టి సాక్ష్యం ఇలాంటిదే. ఎర్జ్యా 'వెద్', మాన్సీ 'విత్' కూడా చేర్చు. తూర్పున సమొయెద్ శాఖలో నేనెత్స్ దాకా ఈ మాట ఉంది (అక్కడ చివరి తకారం గొంతు బిగింపుగా మిగిలింది). కనుకే దీన్ని ఆది ఊరాలిక్‌దని, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి భాషదని, అనగలం. ఉత్తర సామీ 'చాహ్చి', ఖాంతీ 'యింక్' వేరే మాటలు. నీ పట్టికలో ఆ భాషల గళ్లు ఖాళీగానే ఉంచు, బలవంతంగా నింపకు.

మూలరూపం *వెతె (చుక్క గుర్తు ఉంటే ఎక్కడా రాసి దొరకని, మనం కట్టిన రూపమని అర్థం). కొందరు *వెతి అని రాస్తారు. తేడా రెండో అక్షరంలోని అచ్చును గుర్తించే పద్ధతిలోనే. ఏదో ఒకటే పాటించు, రెండూ కలిపితే పట్టిక పాడవుతుంది.

అసలు చిక్కు మరో కుటుంబమైన ఇండో-యూరోపియన్‌లోని ప్రాచీన హిట్టైట్ భాష 'వాతర్', సంస్కృత 'ఉదకం' చూశాక వస్తుంది. పోలిక నిజమే. అరువా, అంతకన్నా పాత చుట్టరికమా, కాకతాళీయమా అన్నది పండితుల మధ్య తేలలేదు. ధ్వనులు పద్ధతిగా కలిశాయి కాబట్టి అరువు కాదనుకోకు. తేనెను చూడు: ఫిన్నిష్ 'మెసి' (మెతె-), హంగేరియన్ 'మేజ్', సరిగ్గా అదే సూత్రం. అయినా అది మన 'మధువు' చుట్టమని, ఇండో-యూరోపియన్ వైపు నుంచి వచ్చిన పాత అరువని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అరువు మాట ధ్వని మారకముందే చేరితే సొంత మాటలతో పాటే మారుతుంది మరి. అందుకే పట్టికలో 'ఎంత పాతది', 'ఎక్కడిది' అని రెండు గళ్లు విడిగా పెట్టు. మొదటిదాంట్లో 'ఆది ఊరాలిక్' అని రాయి, రెండోదాంట్లో ప్రశ్నార్థకం చాలు.

మన 'నీరు'ను ఇందులోకి లాగకు. ద్రావిడ-ఊరాలిక్ బంధుత్వం పందొమ్మిదో శతాబ్దపు ద్రావిడ భాషా పండితుడు కాల్డ్వెల్ నాటి నుంచి నలుగుతున్నా ఇంకా రుజువు కాలేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న