మీటింగ్, కచేరీ ఒకేచోట కావాలంటే

ముప్పై మందితో సాహిత్య సమావేశం, ఆ వెంటనే గంటసేపు వయొలిన్ కచేరీ, రెండూ ఒకేచోట జరగాలి, ఖర్చు తక్కువ కావాలి అన్నారు కదండీ. ముందు హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక చూడండి. 2010లో మొదలైంది, జీవీకే వన్ మాల్‌కి ఎదురు సందులో ఉంటుంది. పాత ఇంటి ఆవరణ అది. చర్చలు, నాటకాలు, సంగీతం అన్నీ అక్కడే. క్యాంటీన్ ఉంది కాబట్టి టీ, సమోసాల టెన్షన్ మీకుండదు.

బుక్ చేసే ముందు ఏదో ఒక సాయంత్రం మామూలు ప్రేక్షకుల్లా వెళ్లి, చివరి వరుసలో కూర్చోండి. మాట స్పష్టంగా వినిపిస్తోందా, బయటి రొద ఎంతుంది అన్నది అక్కడే తెలుస్తుంది. వయొలిన్‌కి ఇది చాలా ముఖ్యం. ఆరుబయట ఆ నాదం చెదిరిపోతుంది, మంచి మైకు తప్పనిసరి. సౌండ్ చెక్ మీటింగ్‌కి ముందే చేయించండి. మీటింగ్ అయ్యాక మొదలుపెడితే జనం లేచి వెళ్లిపోతారు, కళాకారుడికి అది అవమానం.

ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు. అందుకని 6కే మొదలుపెట్టండి.

వానాకాలమైతే నా ఓటు హాలుకే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి మెట్రో దగ్గర, పెద్దవాళ్లకి సులువు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా అడగండి. అద్దెలో మైకు, కరెంటు కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.